నేను కొలిచిన యాభై రెండు చేతులు

దేవనహళ్ళిలో ఒక కల్యాణ మండపం, మొదటి అంతస్తు హాలు. గురువారం ఉదయం పది గంటల నలభై నిమిషాలు. హాజరైనవారు, హాజరైనవి ఈ కింది విధంగా:

గాజులు తొడిగించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు, పెళ్ళికూతురితో కలిపి యాభై రెండు మంది. పెళ్ళికొడుకు తల్లి, ఆ యాభై రెండులో ఒకరే అయినా విడిగా రాయక తప్పదు. చాపలు నాలుగు. పసుపు కుంకుమల పళ్ళెం ఒకటి. పేర్లు ముద్రించి అంటించిన అట్టపెట్టెలు యాభై రెండు. గాజులు తొడగడానికి బెంగళూరు బళేపేటలోని గాజుల దుకాణం నుంచి వచ్చిన సరోజమ్మ గారు. ల్యాప్‌టాప్ ఒకటి. దాని వెనక, మెడలో కంపెనీ పేరున్న పట్టీ వేసుకుని, ఆ కంపెనీకి స్థాపకుడూ అధిపతీ ఏకైక ఉద్యోగీ అయిన నేను.

హాజరు కానిది ఒక్కటే, బుద్ధి. అది మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు కారులో వచ్చింది. ఈ లోపల గడిచిన రెండున్నర గంటల్లో ఎంత ఘోరం జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. అక్కడున్నవాళ్ళు నా అనుమతి అడక్కుండానే నవ్వారు.

ముందు నేనెవరో చెప్పాలి. వైట్‌ఫీల్డ్‌లో మంచి ఉద్యోగం వదిలేసి, కొత్త కంపెనీలకు చోటిచ్చి పెంచే ఒక ఇంక్యుబేటర్‌లో చేరాను. ఆరు నెలలపాటు ఉచితంగా ఒక బల్ల, ఒక కుర్చీ, వైఫై, అడిగినన్నిసార్లు కాఫీ, వారానికోసారి మెంటర్. మెంటర్ అంటే, ఒకప్పుడు వ్యాపారం పెట్టి మూసేసి, ఇప్పుడు ఎలా పెట్టాలో మిగతావాళ్ళకు చెప్పే మనిషి.

కొత్త వ్యాపారం పుట్టడానికి ఐదు పరిస్థితులు అనుకూలించాలని ఆయన మొదటిరోజే గోడమీద రాశాడు. చోటు, సలహా, పరిచయాలు, పెట్టుబడి, మొదటి కస్టమర్. నేను నోటుపుస్తకంలో ఐదు గళ్ళు గీసి మొదటి మూడింటికీ టిక్కులు పెట్టాను. నాలుగోది రావాలంటే ఐదోది ఉండాలన్నాడు మెంటర్. ఐదోది రావాలంటే నాలుగోది ఉండాలని నాకనిపించింది. రెండు వారాలు ఈ రెండింటి మధ్య గానుగెద్దులా తిరిగాను. చివరికి ఆయనే తేల్చాడు. నిజమైన దుకాణంలో, నిజమైన పనికి, నా సాఫ్ట్‌వేర్ ఉపయోగపడిందని ఒక వ్యాపారి సంతకంతో ఉత్తరం తేవాలి. తెస్తే బల్ల ఇంకో ఏడాది నాది. తేకపోతే నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఇంట్లోవాళ్ళకు నా కంపెనీ అంటే ఆ బల్లే. దాని ఫొటో చూపించే ఉద్యోగం మానేశాను. బల్ల పోతే కంపెనీ పోయినట్టే.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఆడవాళ్ళు దుకాణానికి రాకుండానే, ఇంట్లో కూర్చుని తమకు సరిపోయే గాజులు తెప్పించుకోవాలి. దానికి నేను కనిపెట్టిన పద్ధతి ఆరు మెట్లు. తెల్లకాగితం పరవాలి. దానిమీద తమకు సరిపోయే పాత గాజొకటి పెట్టాలి. పక్కన పది రూపాయల నాణెం పెట్టాలి. పైనుంచి ఫొటో తీయాలి. పంపాలి. ఆగాలి. నాణెం కొలత తెలుసు కాబట్టి, గాజు లోపలి వెడల్పు ఎంతో నా సాఫ్ట్‌వేర్ అంగుళంలో నూరో వంతు తేడా లేకుండా చెబుతుంది. ఈ చివరి వాక్యం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. గుర్తుపెట్టుకోండి. ఈ కథలో నావైపు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అది.

ఉత్తరం కోసం బళేపేటలో పదకొండు గాజుల దుకాణాలెక్కి దిగాను. పన్నెండోది నాగరాజప్ప గారిది. మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, కొట్లో కన్నడ.

"ఏమప్పా, ఈ యంత్రం ఏం చేస్తాది?" అన్నాడాయన.

"చేతికి సరిపోయే గాజు సైజు చెబుతుంది సార్."

"అది మా అక్క చెప్తాది కదా."

"మీ అక్కగారు ఒకసారికి ఒకరికే చెప్పగలరు సార్. ఇది ఒకేసారి వెయ్యిమందికి చెబుతుంది."

ఆయన కొట్టు ఈ చివర నుంచి ఆ చివరికి చూశాడు. ఎనిమిదడుగులుంటుంది. "వెయ్యిమంది ఒగే తూరి వస్తే నిలబడేదానికి చోటు యాడుండాది?"

ఆ అక్కగారే సరోజమ్మ. ఆవిడ పద్ధతి నేను పక్కన నిలబడి పరిశీలించాను. వచ్చిన ఆవిడ చెయ్యి అందుకుంటుంది. బొటనవేలిని అరచేతిలోకి మడుస్తుంది. వేళ్ళ మొదట ఉన్న ఎముకల దగ్గర ఒక్కసారి నొక్కుతుంది. వెనక్కి తిరిగి చూడకుండానే అలమారలోంచి ఒక పెట్టె లాగుతుంది. అంతే. సైజెంత అని అడగదు, వాళ్ళూ చెప్పరు. నాలుగు సెకన్లు. "మనిషిమీద ఆధారపడిన పాత పద్ధతి, విస్తరణకు పనికిరాదు" అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చింపుదామని చాలాసార్లు అనుకున్నాను.

సరే, నా కొలతకు దుకాణంలోని పెట్టెలను జతచేయాలి. పెట్టెల మీద అంకెలున్నాయి. 2.2, 2.4, 2.6, 2.8. చదువుకున్న మనిషికి ఇంతకంటే స్పష్టంగా ఏం కావాలి? రెండు పాయింట్ ఆరు అంటే రెండు పాయింట్ ఆరు అంగుళాలు. ఆ తర్వాత అలమారలో 2.10, 2.12 అని ఇంకో రెండు వరసలు కనిపించాయి. అక్కడ ఆగాను. దశాంశాల లెక్కన 2.10 అనేది 2.2 కన్నా చిన్నదవుతుంది. కానీ పెట్టెలో గాజులు చూస్తే పెద్దవి. ఇప్పుడు మీరే నా స్థానంలో ఉన్నారనుకోండి. నాగరాజప్ప గారు నాకు నాలుగడుగుల దూరంలో కూర్చుని బాదంపాలు తాగుతున్నారు. మీరేం చేస్తారు? అడుగుతారు. నేను అడగలేదు. పాపం, గాజుల కార్ఖానావాళ్ళకు దశాంశాలు రావనుకున్నాను. ఎనిమిది తర్వాత పది రాసుకుంటూ పోయారని జాలిపడి, 2.10ని మూడు అంగుళాలుగా, 2.12ని మూడు పాయింట్ రెండుగా నా చేత్తో దిద్దాను. మా వృత్తిలో దీన్ని డేటా శుభ్రం చేయడం అంటారు.

పరీక్ష కూడా చేశాను. ఇంక్యుబేటర్‌లో పక్క బల్లల దగ్గర పనిచేసే అమ్మాయిలు ముగ్గురు. కీబోర్డు తప్ప ఇంకేదీ మోయని సన్నటి చేతులు. ఇద్దరికి సరిగ్గా పట్టాయి. మూడో అమ్మాయి "కొంచెం బిగుతుగా ఉంది" అంది. "ఉత్తీర్ణత మూడుకు మూడు" అని రాసుకున్నాను.

అప్పుడొచ్చింది దేవనహళ్ళి పెళ్ళి. పెళ్ళికూతురు వాళ్ళు ద్రాక్షతోటల రైతులు, నాగరాజప్ప గారి తండ్రి కాలం నుంచి వాళ్ళింటి పెళ్ళిళ్ళకు గాజులు ఈ కొట్టు నుంచే వెళతాయి. పెళ్ళికి ముందురోజు పెళ్ళికూతురికీ, రెండువైపుల ముత్తయిదువలకూ గాజులు తొడిగించడం వాళ్ళ ఆచారం. ఈసారి నా పద్ధతిలో చేద్దామని బతిమాలాను. "ఇది సరిగా జరిగితే ఉత్తరం రాసిస్తా పో" అన్నాడాయన. పెళ్ళికూతురి పెద్దమ్మ ఓపిగ్గా యాభై రెండు మంది ఫొటోలు పంపించింది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఎవరి గాజులు వాళ్ళ పేరున్న పెట్టెలో పెట్టి, అంచులకు టేపు వేశాను. ఎవరు ఏ రంగు అడిగారో ఆ రంగే పెట్టాను.

"ఒగ తూరి అక్క చూస్తాదిలేప్పా," అన్నాడు నాగరాజప్ప గారు.

"అవసరం లేదు సార్. సిస్టం మూడుసార్లు సరిచూసుకుంటుంది."

 సరోజమ్మ గారు టేపు వేసిన పెట్టెల వంక, ఆ తర్వాత నా వంక చూసింది. ఆ చూపు ప్రశంస అనుకున్నాను.

ఇక గురువారం. రాహుకాలం ఒకటిన్నరకు. ఆలోపల అందరి చేతులకూ గాజులు పడాలి. మొదట పెళ్ళికూతురు కూర్చుంది. వైట్‌ఫీల్డ్‌లోనే ఉద్యోగం. పెట్టె తెరిచి సరోజమ్మ గారు తొడిగితే, గాజులు ఆ చేతికోసమే పుట్టినట్టు జారి కూర్చున్నాయి. తర్వాత ఆమె ఆఫీసు స్నేహితురాళ్ళు ఇద్దరు. వాళ్ళకూ అంతే. నేను ఫొటో తీసి మెంటర్‌కు పంపాను. కింద "ఇప్పటికి నూటికి నూరు" అని రాశాను. ఆయన చప్పట్ల బొమ్మలు ఆరు పంపాడు.

నాలుగో పెట్టె పెళ్ళికూతురి పెద్దమ్మది. సరోజమ్మ గారు గాజు చేతిలోకి తీసుకుని, ఆవిడ చెయ్యి ఒకసారి నొక్కి, గాజు పక్కన పెట్టేసింది.

"ఇవి ఎక్కవు నాయనా."

"ఎక్కుతాయమ్మా. రెండు పాయింట్ మూడు ఎనిమిది వచ్చింది. దానికి దగ్గరిది రెండు పాయింట్ నాలుగు. ఇంకా కొంచెం వదులే ఉండాలి."

"వదులు సంగతి తర్వాత. ముందు ఎక్కల్ల కదా."

సబ్బునీళ్ళు తెప్పించారు. ఎక్కలేదు. కొబ్బరినూనె తెప్పించారు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి దానిమీంచి జార్చబోయారు. రెండు గాజులు చిట్లాయి. పెళ్ళింట గాజు చిట్లితే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారో మీకు తెలుసు. నాకు తెలీదు. నేను ల్యాప్‌టాప్‌లో తప్పుల జాబితా తెరిచాను. తప్పులు సున్నా.

ఐదో పెట్టె, ఆరో పెట్టె, తొమ్మిదో పెట్టె. ఒక్కటీ ఎక్కలేదు. ఇంకా వింత ఏమిటంటే, చెయ్యి ఎంత పెద్దదైతే తేడా అంత పెద్దగా ఉంది.  అయినా పద్ధతి మానలేదు. కారణాలు ఏమై ఉండవచ్చో వరసగా రాసుకున్నాను. ఒకటి, ఎండకు చేతులు వాచి ఉండవచ్చు. రెండు, ఫొటోలు తారుమారై ఉండవచ్చు. మూడు, వీళ్ళు ఎప్పటివో పాత గాజులు పెట్టి ఫొటో తీసి ఉండవచ్చు. ఈ మూడోది తార్కికంగా బలంగా తోచి, యాభై ఒక్కమంది వింటుండగా పెద్దమ్మను అడిగేశాను.

"అమ్మా, మీరు ఫొటో తీసిన గాజు మీ పెళ్ళినాటిదా?"

 "అంటే ఏందబ్బా? పెళ్ళైనాక నేను లావైనానంటావా?" అంది ఆవిడ.

ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. అప్పటికే పెళ్ళికొడుకు తల్లి రాజమ్మ గారు తన పెట్టె తానే తెరుచుకుంది. వాళ్ళవీ ద్రాక్షతోటలే; ముప్పై ఏళ్ళుగా పందిళ్ళు కట్టిన చేతులు అవి. ట్రాక్టరు స్టీరింగును ఒక్క చేత్తో తిప్పగలవని చూస్తేనే తెలుస్తుంది. పెట్టెలోని గాజులు ఆవిడ నాలుగు వేళ్ళ దగ్గరే ఆగిపోయాయి.

"మా చేతులు చూసి నగేదానికి పిలిచినారా మమ్మల్ని?" అని ఆవిడ అడిగింది నన్ను కాదు, పెళ్ళికూతురి పెద్దమ్మను.  నేను మధ్యలో దూరాను.

"లేదమ్మా, వాళ్ళ తప్పేం లేదు. మీ చెయ్యి రెండు పాయింట్ ఏడు ఐదు. కొలతలో తప్పు లేదు."

"కొలతలో తప్పు లేదంటే, నా చేతిలో తప్పు ఉండాదా?"

నేను ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. 

కొట్టుకు ఫోన్ చేశాను. నాగరాజప్ప గారిని 2.6 పెట్టెలోంచి ఒక గాజు తీసి, స్కేలుతో లోపలి వెడల్పు కొలవమన్నాను. ఆయన కొలిచి, రెండున్నరకు కొంచెం తక్కువే ఉందన్నాడు. 2.8 కొలవమన్నాను. సరిగ్గా రెండున్నర అన్నాడు. నాకు విషయం అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాను.

"సార్, మిమ్మల్ని మోసం చేశారు. పెట్టెలమీద ఒక కొలత, లోపల ఒక కొలత. కార్ఖానావాళ్ళు ప్రతి సైజులోనూ కోత పెడుతున్నారు."

"ఏ కార్ఖానావోళ్ళప్పా? నాకు ఐదు ఊర్లనించి సరుకు వస్తాది."

"ఐదు ఊళ్ళవాళ్ళూ మోసం చేస్తున్నారు సార్."

మూడు నిమిషాలపాటు, దేశంలోని ప్రతి గాజూ తప్పు కొలతతో తయారవుతోందనీ, ఆ సంగతి కనిపెట్టిన మొదటి మనిషిని నేనేననీ మనస్ఫూర్తిగా నమ్మాను. ఒక కొత్త కంపెనీకి ఆలోచన కూడా వచ్చింది.

అవతలనుంచి ఆయన తాపీగా అడిగాడు. "అప్పా, రెండు ఆరు అంటే ఎంత అనుకుంటా ఉండావు నువ్వు?"

"రెండు పాయింట్ ఆరు అంగుళాలు."

 ఆయన చిన్నపిల్లలకు అ ఆలు చెప్పే గొంతుతో చెప్పాడు. "అంగుళానికి పదహారు గీతలుంటాయి స్కేలుమీద. చూసినావా ఎప్పుడైనా? రెండు ఆరు అంటే రెండు అంగుళాలు, పైన ఆరు గీతలు. రెండు పది అంటే రెండు అంగుళాలు, పది గీతలు. ఆ చుక్క ఊరికే, సుమ్నే పెట్టింది. మా తాత కాలం నించి అంతే. ఇంజినీరింగు చదివినోడివి, నీకు తెలిసే ఉంటాదని ఎవురూ చెప్పలేదు."

ఇంజినీరింగు నాలుగేళ్ళలో నేను కొలిచినవన్నీ మిల్లీమీటర్లే. స్కేలుకు అంగుళాల వైపు అట్టమీద గీతలు గీయడానికే ఉందనుకున్నాను. పదహారో వంతుల లెక్కను పదో వంతులుగా చదివి, యాభై రెండు మంది చేతుల మీద రుద్దాను. 2.2 దగ్గర తేడా పెద్దగా తెలియదు. అంకె పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. అందుకే సన్నటి చేతులకు పట్టాయి, కష్టపడ్డ చేతులకు పట్టలేదు. నేను జాలిపడిన కార్ఖానావాళ్ళు నన్ను చూసి ఉంటే ఎంత జాలిపడేవారో.

సమయం పదకొండున్నర. నాగరాజప్ప గారు పెద్ద సైజులన్నీ కారులో వేసుకుని బయలుదేరుతున్నానన్నాడు. ఈ లోపల ఉన్న గాజులనే మార్చి పంచవచ్చని నాకు తట్టింది. ఒకరికి ఎక్కనివి ఇంకొకరికి సరిపోతాయి. ఎవరివి ఎవరికి ఇస్తే ఎక్కువమందికి సరిపోతాయో తేల్చే లెక్కను నేల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. తల ఎత్తి చూసేసరికి సరోజమ్మ గారు పెట్టెలన్నీ చాపమీద బోర్లించేసింది. పేర్లు పోయాయి, రంగులు కలిసిపోయాయి. ఆవిడ ఒక్కొక్కరి చెయ్యి అందుకుంటోంది, నొక్కుతోంది, కుప్పలోంచి ఏరుతోంది, తొడుగుతోంది.

"నేను ఆకుపచ్చవి రాయించినాను," అంది ఒకావిడ.

"ఎక్కినవి ఎర్రవి. ఆకుపచ్చ కావల్లంటే చెయ్యి మార్చుకొని రా," అంది సరోజమ్మ గారు. హాలు గొల్లుమంది. రాజమ్మ గారు కూడా నవ్వింది. నేను పొద్దుటినుంచి చూసిన మొదటి శుభసూచకం అదే.

ఆవిడ నలభై నిమిషాల్లో ఇరవై మందికి తొడిగింది. మొదటి ముగ్గురితో కలిపి ఇరవై మూడు. నా లెక్క పూర్తయ్యాక సాధ్యమైనంత ఎక్కువ సంఖ్య ఎంత అని చూశాను. ఇరవై మూడే. ల్యాప్‌టాప్ మూసేశాను.

ఒంటిగంటా పదికి కారు వచ్చింది. మిగిలిన ఇరవై తొమ్మిది మందికి అక్కాతమ్ముళ్ళిద్దరూ చెరో చాపమీద కూర్చుని తొడిగారు. రాజమ్మ గారికి మొదట. ఒకటీ ఇరవై ఏడుకు చివరి చెయ్యి అయింది. అప్పుడు నాకు అప్పగించిన పని, చిట్లిన గాజుముక్కలు ఏరడం. నూటికి నూరుపాళ్ళు ఏరాను.

మరునాడే కొట్టుకు వెళ్ళి సాఫ్ట్‌వేర్‌లో ఆ లెక్క దిద్దుకున్నాను కానీ, ఉత్తరం అడగడానికి మొహం చెల్లలేదు. నాలుగురోజుల తర్వాత ఆయనే పిలిచాడు. కొట్లో స్టూలు చూపించి, నేను చెప్పేది రాయి, నువ్వు అనుకునేది రాయొద్దు అన్నాడు. నా ఓటమి పత్రం నా వేళ్ళతోనే టైపు చేశాను. యథాతథంగా ఇదీ:

"ఈ అబ్బాయి యంత్రం యాభై రెండు మందిలో ముగ్గురికి సరిగా చెప్పింది. మిగతావాళ్ళకు మా అక్క చెప్పింది. కొలత మంచిదే, చదవడం తప్పు. తప్పు తెలిసినాక పారిపోలేదు, మరుసటి దినమే వచ్చి దిద్దుకున్నాడు. ఇంకో పెళ్ళికి ఇస్తాం. ఈసారి అక్క చూసినాకనే టేపు వేస్తాం."

సంతకం, దుకాణం ముద్ర. మెంటరూ ఇంకో ఇద్దరూ చదివారు. ఒకాయన నా కచ్చితత్వం ఎంత శాతమని అడిగాడు. ఆరు లోపు అన్నాను. రెండో ఆయన, ఇది సిఫారసా ఫిర్యాదా అని అడిగాడు. నాకూ తెలియదన్నాను. ముగ్గురూ లోపలికెళ్ళి మాట్లాడుకుని వచ్చి, బల్ల ఇంకొకరికి ఇస్తున్నామని మర్యాదగా చెప్పారు.

ఆ సంగతి చెబుదామని బళేపేటకు వెళ్ళాను. నాగరాజప్ప గారు విన్నాడు. వాళ్ళ తాత ఈ పేటకు వచ్చినప్పుడు ఆయనకు కొట్టు లేదట. ఎవరిదో బట్టల కొట్టు ముందు మెట్టుమీద గంప పెట్టుకుని ఆరేళ్ళు కూర్చున్నాడట. ఆ కొట్టాయన లెమ్మని అనలేదట, అంతే. "బల్ల పోతే పోనీలేప్పా," అన్నాడు. "ఆ స్టూలు ఖాళీగా ఉండాది కదా. కూర్చో. కాకపోతే ఒగ షరతు. ప్రతి చెయ్యికీ ముందు నీ యంత్రం చెప్పల్ల, తర్వాత అక్క చెప్పల్ల. చూద్దాం."

వ్యాపారం పుట్టడానికి ఏం కావాలో గోడమీద రాసిన ఐదింటిలో ఇది దేనికిందికి వస్తుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కానీ ఆ స్టూలు మీదే ఉన్నాను.

కనుక, సకల గాజుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పెట్టెమీద అంకె కనబడితే, దాని అర్థం నాకు తెలియదనిపించినా, మరీ ముఖ్యంగా తెలుసనిపించినా, పక్కనున్న మనిషిని అడగకుండా ఒక్క అక్షరం రాయను. వయసుమళ్ళిన ఆడవాళ్ళను వాళ్ళ పెళ్ళినాటి గాజుల గురించి ఏనాడూ ప్రశ్నించను. కార్ఖానావాళ్ళకు లెక్కలు నేర్పను.

పోయిన శనివారం వరకు కొలిచిన చేతులు నూట నలభై. యంత్రం సరిగా చెప్పినవి నూట ముప్పై మూడు. సరోజమ్మ గారు సరిగా చెప్పినవి నూట నలభై.